పలకమీద పేరు

మార్కాపురం వీధిలోకి ఉదయం ఎనిమిది గంటల వేళ ఉల్లిగడ్డల బండి వస్తుంది. బండి నడిపే మనిషి నోరు విప్పడు. బండికి కట్టిన మైకే ధర చెబుతుంది, రమ్మని పిలుస్తుంది, సరకు మంచిదని నమ్మబలుకుతుంది. ఆ పిలుపును వీధిలోని పసిపిల్లలు సైతం ఉన్నదున్నట్లు అనుకరించగలరు. కాని ఆ గొంతు ఎవరిదని అడిగితే బండివాడే చెప్పలేడు. ఎక్కడనో ఒకరు ఒకనాడు చదివిన నాలుగు వాక్యాలు ఫోను నుండి ఫోనుకు ఎక్కి, ఊళ్లు దాటి, ఈ బండిమీదికి చేరినవి. పూర్వం చాటింపు వేసేవాడు డప్పు భుజాన తగిలించుకొని వచ్చేవాడు. అతని మాటతోపాటు అతని ముఖమూ, పేరూ ఊరివారికి తెలిసి ఉండేవి. నేడు గొంతు మనిషిని విడిచి ఒంటరిగా ఊరేగుతున్నది.

ఇట్లు మనిషిని విడిచి పోగలిగిన గొంతుకు ఈ కాలంలో పని పెరిగినది. బట్టల దుకాణపు ప్రకటన, ఆసుపత్రికి ఫోను చేసినపుడు వినవచ్చే సూచన, పరభాషా ధారావాహికలోని సంభాషణ, చెవితో వినే పుస్తకం, ఇవన్నీ ఎవరో ఒకరు చదివి ఇవ్వవలసినవే. 2017లో ప్రారంభమైన దీక్షా వేదిక వచ్చిన తరువాత పాఠ్యపుస్తకంలోని చదరపు గుర్తును ఫోనుకు చూపితే పాఠమే వినవస్తున్నది. ఈ పనిని వాడుకలో వాయిస్ ఓవర్ అంటున్నారు. దీనికి రంగస్థలం అక్కరలేదు, రూపం అక్కరలేదు. సద్దులేని చిన్న గది, నమ్మదగిన మైకు, పంపుటకు ఒక ఫోను ఉన్నచో గిద్దలూరులో కూర్చుండి హైదరాబాదు పనిని చేయవచ్చును. వానలు తప్పినపుడెల్ల కూలికై హైదరాబాదుకో బెంగుళూరుకో మూట కట్టవలసిన పశ్చిమ ప్రకాశానికి, ఊరు విడువకుండ చేయదగిన పని ఏదైనను తేలికగా తీసివేయదగినది కాదు.

గొంతులకు ఈ ప్రాంతంలో కరవు లేదు. పద్యనాటకాన్ని మైకు లేకుండ తెల్లవారేవరకు నడపిన ఊళ్లు ఇక్కడివి. ఉదయపు ప్రార్థన సమయంలో వార్తలు చదివే బాలికలలో, తరగతిలో కథ చెప్పే ఉపాధ్యాయులలో చెవి నిలిపి వినదగిన కంఠాలెన్నో ఉన్నవి. లోపం మరొకచోట ఉన్నది. పని ఇచ్చేవారికి ఈ గొంతుల జాడ తెలియదు. గొంతు కలవారికి తమ జాడ తెలుపుకొనే తెరవు తెలియదు. తెరవు తెలిసినవారికి నామోషీ అడ్డు వస్తున్నది.

ఈ నామోషీకి మూలం లేకపోలేదు. ఆత్మస్తుతి, పరనింద రెండూ కూడని పనులని తెలుగువారు పిల్లలకు తొలినుండి నేర్పుతారు. పువ్వు తన వాసనను తాను చాటుకొనదని పెద్దలు అంటారు. ఆ మాట పువ్వు విషయంలో నిజమే. పువ్వు కంటి ఎదుట ఉంటుంది. గొంతు కళాకారుని స్థితి అది కాదు. తాను కనపడకుండుటయే అతని పని. విన్నవారు పాత్రను మెచ్చుకొనవలె, సరకును కొనవలె, పాఠాన్ని గ్రహించవలె. చెప్పిన మనిషి స్ఫురణకు రాకపోతేనే పని చక్కగా జరిగినట్లు. పని ఎంత చక్కగా చేస్తే మనిషి అంతగా మరుగుపడే వృత్తిలో, కీర్తి తనంతట తానే వచ్చునని కాచుకొని కూర్చుండుట వినయం కాదు. అది చేజేతుల చేసుకొనే నష్టం.

తెలుగు చలనచిత్ర చరిత్ర దీనికి సాక్ష్యం చెబుతుంది. 1950లో హిందీ నుండి తెలుగులోకి వచ్చిన ‘ఆహుతి’ చిత్రానికి శ్రీశ్రీ మాటలు వ్రాసిననాటి నుండి తెలుగులో డబ్బింగు ఒక విద్యగా పెరుగుతూ వచ్చినది. కొంగర జగ్గయ్య ఆకాశవాణిలో వార్తలు చదివి, శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతు ఇచ్చి, 1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. ఆయన కంఠం ఎవరిదని ఎవరూ అడుగలేదు. ఆయన నటుడు, ముఖం అందరికీ తెలిసినది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కమల్‌హాసన్‌కు గొంతు ఇచ్చినారు. 1997 నాటి ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుని పాత్ర ధరించిన సుమన్‌కూ గొంతు ఇచ్చినారు. ఆయన అప్పటికే మహాగాయకుడు. వేరొక కీర్తి ఉన్నవారి గొంతుకు ఆ కీర్తియే చిరునామా అయినది. గొంతు తప్ప వేరేమీ లేనివారి సంగతి వేరు. ఘంటసాల కుమారుడు రత్నకుమార్ వెయ్యికి పైబడిన చిత్రాలకు గొంతు ఇచ్చి 2021లో మరణించినారు. అంతటి తండ్రి పేరు వెనుక ఉండి కూడ ఆయన ముఖాన్ని గుర్తుపట్టగలిగిన ప్రేక్షకులు ఎందరు? మార్కాపురంలోని ఒక సామాన్యురాలి గొంతును లోకం తానై వెదకికొని వచ్చునని అనుకొనుట ఎంత అమాయకత్వమో దీనివలన తెలియవచ్చును.

కావున తన్ను తాను తెలుపుకొనక తప్పదు. కాని తెలుపుకొనుట వేరు, పొగడుకొనుట వేరు. ఈ భేదాన్ని మార్కాపురంవారికి ఎవరో వచ్చి నేర్పనక్కరలేదు; వారి పలకల వ్యాపారమే నేర్పినది. దేశంలోని బడిపిల్లలకు ఒకప్పుడు ఈ ఊరి రాతిపలక తొలి పుస్తకం. కాగితపు పుస్తకాలూ, ఇతర పలకలూ వచ్చి రాతిపలకకు గిరాకీ తగ్గినపుడు, అదే రాయి ఇండ్ల నేలలకూ, గోడలకూ, పైకప్పులకూ పనికివచ్చునని విదేశాలకు పోవుట ఆరంభించినది. రాయి మారలేదు, అది ఎవరికి అక్కరకు వచ్చునో వెదకి, వారికి చూపుట జరిగినది. రాయి అమ్మేవాడు దానిమీద స్తోత్రం వ్రాసి పంపడు. ఒక ముక్క పంపుతాడు. రంగు ఇది, మందం ఇంత, ఇన్ని దినాలలో ఇంత సరకు ఇవ్వగలను అని చెబుతాడు. కొనేవాడు ముక్కను వేలితో తట్టి చూచి నిర్ణయించుకొంటాడు. గొంతు విషయంలోనూ మర్యాదైన పద్ధతి ఇదే. ‘మధురమైన కంఠం, సాటిలేని ఉచ్చారణ’ అని తన్ను గురించి తాను వ్రాసుకొన్న పది వాక్యాలకంటె అర నిమిషపు నమూనా ఎక్కువ చెబుతుంది.

ఆ నమూనా ఎట్లుండవలె? ఒక నిమిషం మించకుండుట మేలు. పని ఇచ్చేవాడు ఒకే పూట పదుల గొంతులు వింటాడు. మొదటి పది సెకండ్లలో చెవి నిలువకపోతే తరువాతి భాగం ఎంత బాగున్నా వినబడదు. అన్ని రసాలనూ ఒకే ముక్కలో కలిపి వండరాదు. ప్రకటనకు ఒకటి, కథకు ఒకటి, పాఠానికి ఒకటిగా వేరు వేరు ముక్కలు చేసి ఉంచుకొని, అడిగినవారికి అడిగినది పంపవలె. వెనుక సంగీతం పెట్టరాదు. సంగీతం గొంతును దాచుననే అనుమానం వినేవారికి కలుగుతుంది. ప్రసిద్ధులైన నటులను అనుకరించుట సభలో నవ్వు తెప్పించవచ్చును గాని పని తెప్పించదు. అసలు గొంతు దొరికే చోట నకలు ఎవరికి కావలె? రికార్డింగుకు ఖరీదైన గది లేకున్నను సాగుతుంది. కిటికీలు మూసి, పంకా ఆపి, గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టి, మైకుకు జానెడు ఎడంగా కూర్చుండి, వీధి సద్దుమణగిన రాత్రి వేళ చదివితే ప్రతిధ్వని చాలవరకు పోతుంది. శ, ష, స లనూ, ల, ళ లనూ, అల్పప్రాణ మహాప్రాణాలనూ వేరు చేసి పలుకుటకు మాత్రం ఏ యంత్రమూ తోడు రాదు. అది ప్రతిదినం పెద్దగా చదివి సాధించవలసినదే.

ఈ వృత్తిలో ఒక చిత్రమైన ఆచారమున్నది. నమూనాకు మొదట కళాకారుడు తన పేరు చెప్పుకొంటాడు. దానిని ఆంగ్లంలో ‘స్లేటు’ అంటారు. చిత్రీకరణలో దృశ్యం సంఖ్యనూ, వివరాలనూ పలకమీద వ్రాసి కెమెరా ఎదుట పట్టే అలవాటు నుండి వచ్చిన మాట అది. పేరు, ఊరు, ఏ పనికి చదివినది, అంతే. అందులో పొగడ్త లేదు. పలకల ఊరి బిడ్డకు ఈ ఆచారం పరాయిదిగా తోచనక్కరలేదు. పంపే ప్రతి శబ్దపు ముక్కకూ తన పేరూ, ఫోను సంఖ్యా జోడించుట ఈ ఆచారానికి కొనసాగింపు. అట్లు చేయకపోతే ఆ ముక్క ఉల్లిగడ్డల బండిమీది గొంతువలె దిక్కులేనిదై తిరుగుతుంది.

ఇక యాస మాట. ఈ ప్రాంతపు పిల్లలు మైకు ఎదుటికి రాగానే తమ పలుకును దాచి, వేరొకరి పలుకును అరువు తెచ్చుకొంటారు. దాచుకొనవలసినదేమున్నది? 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది 1972లో. సీమ పలుకూ, కోస్తా పలుకూ ఇరుగుపొరుగున పెరిగిన నేల ఇది. రెండింటినీ చెవితో ఎరిగిన మనిషికి రెండు పరికరాలు చేతిలో ఉన్నట్లే. నల్లమలకు ఆవల ఉన్న సిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి గణితం బోధించిన ఉపాధ్యాయుడు. 1997 నాటి ‘ప్రేమించుకుందాం రా’, 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ చిత్రాలలో తన సీమ యాసనే ఆయన పెట్టుబడి చేసుకొన్నారు. 2020లో ఆయన మరణించినపుడు లోకం ముందుగా తలచుకొన్నది ఆ పలుకుబడినే. అట్లని గ్రంథపాఠం చదువవలసిన చోట యాస చొప్పించమని కాదు. ప్రామాణికమైన పలుకును కష్టపడి నేర్చుకొనవలె; పుట్టిన పలుకును పోగొట్టుకొనరాదు. నమూనాలలో రెండింటినీ చేర్చి, ఇది ప్రామాణికం, ఇది పశ్చిమ ప్రకాశపు పలుకు అని తెలుపవలె. అదే ఆ గొంతును వేయి గొంతులలో వేరుగా నిలుపుతుంది.

పని వెదకుట ఇంటి గుమ్మం నుండి ఆరంభం కావలె. గిద్దలూరులోని ఒక యువతి ఈ పనికి పూనుకొన్నదనుకొందాం. తొలిరోజే చిత్రసీమ తలుపు తట్టుట ఆమెకు నిరాశనే మిగుల్చును. సినిమా డబ్బింగుకు పరిచయాలూ, సంఘ నియమాలూ ఉన్నవి. ఊరిలోని దుకాణం, ప్రైవేటు పాఠశాల, కేబుల్ ఛానలు, జాతర కమిటీ, ఇవి ఆమెకు తొలి మెట్లు. ఆకాశవాణి కేంద్రాలు ప్రకటించే స్వరపరీక్షలకు హాజరగుట రెండవ మెట్టు. ఉత్తీర్ణత లభించకపోయినను తన లోపమేదో తెలిసివస్తుంది. ఆపైన శ్రవ్య పుస్తకాల సంస్థలకూ, ప్రకటనల సంస్థలకూ, పాఠాలు తయారుచేసేవారికీ లేఖలు వ్రాయవలె. ఆ లేఖ ఆరు వాక్యాలు మించరాదు: పేరు, ఊరు, తన గొంతు ఏ వయస్సు పాత్రలకు నప్పునో, ఏ భాషలు చదువగలదో, పని ఎన్ని గంటలలో తిప్పి ఇవ్వగలదో, నమూనా ఎక్కడ వినవచ్చునో. బదులు రాకపోతే నెల తరువాత కొత్త నమూనాతో ఒకమారు గుర్తు చేయుట మర్యాదే. దినదినం పీడించుట మర్యాద కాదు. ఎవరికి ఏనాడు వ్రాసినదీ, ఏమి బదులు వచ్చినదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకొనవలె.

తొలి పని దొరికిన తరువాత ప్రచారం చేసేది నోరు కాదు, నడవడి. ఒప్పుకొన్న గడువుకు ఇచ్చుట, తప్పు చదివినచో విసుగులేక మరల చదివి ఇచ్చుట, తన గొంతుకు నప్పని పనిని కాదని అందుకు తగినవారిని చూపుట, ఇవి చేసినవారిని ఒకమారు పిలిచినవారు మరల పిలుస్తారు, ఇంకొకరికి చెబుతారు. ఉపాధ్యాయులైన పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమాలున్నవి. ప్రతిఫలం పుచ్చుకొనే బయటి పనికి ముందుగా అనుమతి సంగతి చూచుకొనక దిగరాదు.

ఇంతవరకు చెప్పినది గొంతును వినిపించుకొనే సంగతి. వినిపించుకొన్న గొంతును కాపాడుకొనుట అంతకంటె ముఖ్యమైనది. అవకాశమిప్పింతుమని ముందుగా డబ్బు అడిగేవారు ఈ దారిలో తరచుగా తగులుతారు. పని చేయించుకొనేవాడు డబ్బు ఇవ్వవలె గాని పుచ్చుకొనుట ఎక్కడిది? పరీక్ష పేరిట అర గంట పాఠం చదివించుకొని మాయమయ్యేవారూ ఉంటారు. పరీక్షకు నాలుగు వాక్యాలు చాలును.

అంతకంటె పెద్ద అపాయం కృత్రిమ మేధ వలన వచ్చినది. కొద్దిపాటి శబ్దం చేజిక్కితే యంత్రం ఆ గొంతుతో అతడెన్నడూ పలుకని మాటలు పలికించగలదు. 2020లో మరణించిన బాలసుబ్రహ్మణ్యం గొంతును 2023లో వచ్చిన ఒక తెలుగు చిత్రంలో యంత్రంతో సృష్టించి వాడుకొన్నారని ఆయన కుటుంబం లాయరు నోటీసు పంపిన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేక యంత్రాలతో పలికించరాదని 2024లో బొంబాయి హైకోర్టు ఉత్తరువిచ్చినది. ప్రదర్శకుల హక్కులకు 1957 నాటి కాపీరైటు చట్టంలో చోటున్నది. 2012 సవరణ వాటిని బలపరచినది. పేరున్నవారికి న్యాయస్థానం తలుపు తెరచి ఉన్నది. కంభంలోని ఒక విద్యార్థికి ఆ తలుపు చాల దూరం. కావున ఎంత చిన్న పనికైనను ఒప్పందం కాగితంమీద, కనీసం ఫోను సందేశంలోనైనను ఉండవలె. ఈ శబ్దం దేనికి వాడుతారు, ఎంతకాలం, ఎక్కడ, యంత్రానికి నేర్పుటకు వాడరాదు అనే నాలుగు మాటలు అందులో ఉండక తప్పదు. ఈ నాలుగు మాటలు అడిగినందుకు పోయిన పని పోయినందుకు విచారించనక్కరలేదు.

యంత్రమే చదివే రోజులలో మనిషి గొంతుకు గిరాకీ ఎక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. సూచనలూ, పట్టికలూ యంత్రం చదువుతున్నది. ఆ పని తగ్గుతుంది. ఈ వృత్తిమీదనే ఇల్లు నడుపుకొందమని చదువూ పొలమూ విడిచి దిగుట తొందరపాటు. కాని అమ్మమ్మ కథ చెప్పేటపుడు ఎక్కడ ఆగవలెనో, ఏ మాటకు గొంతు తగ్గించవలెనో తెలిసి చెప్పే మనిషికి ఇంకను చోటున్నది. అట్టివారిని తయారుచేయుట సంస్థల పని కాదు, బడుల పని.

గట్టిగా చదువుట పాఠశాలలనుండి తొలగిపోతున్నది. మౌనపఠనం మంచిదే, గొంతెత్తి చదువనివానికి మాట విరుపు పట్టుబడదు. వారానికొక గంట పిల్లలచేత కథనో నాటికనో చదివించి, దానిని రికార్డు చేసి, వారికే వినిపించే ఉపాధ్యాయుడు వారి చేతికి ఒక విద్యను ఇచ్చినవాడగును. తన గొంతును తాను మొదటిసారి విన్న పిల్లవాడు సిగ్గుపడతాడు, నాలుగవసారి సవరించుకొంటాడు. అంధులకై పుస్తకాలు చదివి ఇచ్చుట మరొక మంచి అభ్యాసం. చూపులేనివారి కొరకు 2016లో ఆరంభమైన సుగమ్య పుస్తకాలయం వంటి గ్రంథాలయాలు ఉన్నవి. తెలుగులో చదివి పెట్టవలసిన పుస్తకాలు కొండంత ఉన్నవి. అక్కడ సాధన జరుగుతుంది, ఒకరికి మేలు జరుగుతుంది, చూపదగిన పని చేతిలో మిగులుతుంది.

బడిలో చేరిన దినాన పిల్లవాని చేతికి పలక ఇచ్చి, ఓనమాలు దిద్దించి, తరువాత పేరు వ్రాయుట నేర్పుతారు. తన పేరు తాను వ్రాసుకొన్నందుకు ఆ పిల్లవానిని ఆత్మస్తుతి చేసుకొన్నాడని ఎవరూ అనరు. ఇది నా పలక, ఇది నా వ్రాత అని చెప్పుటయే అది. గొంతును పనికి పంపే యువతీయువకులు చేయవలసినదీ అంతే. ఎవరి గొంతో తెలియక వీధులు తిరిగే బండి పిలుపులు ఇప్పటికే చాలినన్ని ఉన్నవి. ఇకమీద పశ్చిమ ప్రకాశం నుండి వెలువడే ప్రతి గొంతు వెంటా ఒక పేరు, ఒక ఊరు, ఒక ఒప్పందం ఉండుగాక.